బూజు పట్టని ముక్క

తేలువాడ అగర్ వంటశాల పుస్తకం
వంటవాడు: కారి లచ్చయ్య

206వ వంట

ఎర్రపాచి నాలుగు బుట్టలు. ఎండ బాగుంది. ఉడికింది. గడ్డ కట్టింది.

ఇంత రాసి పుస్తకం మూయబోతుంటే కుసుమ వచ్చి చూసింది. కుసుమ మా వాడకు పళ్లేలు చదివి రోగం ఏమిటో చెప్పే అమ్మాయి. కొండల మీద పుట్టింది. సముద్రం మీదికి వచ్చి ఏడు నెలలయినా ఒక తెప్ప నుంచి ఇంకో తెప్పకు దాటేటప్పుడు ఇప్పటికీ కళ్లు మూసుకుంటుంది.

"తాతా, రెండొందల ఆరు వంటలకీ ఇదే రాశావు. ఉడికింది, గడ్డ కట్టింది. దీనికన్నా ఒక రబ్బరు స్టాంపు చేయించుకోకూడదూ?"

నేను నవ్వాను.

"విశేషాలు అని ఇంత పెద్ద గడి ఉంది చూడు. ఏం జరిగింది, ఏం మారింది, ఎవరేమన్నారు, అన్నీ రాయి."

"ఇసేసాలేటుంతాయమ్మా. పాచి, నీలు, ఎండ."

"అవే రాయి."

నేను చదివింది నాలుగో తరగతి సగం. ఆ తరువాత బడిలోకి నీళ్లు వచ్చాయి, మళ్లీ పోలేదు. అయినా పిల్ల అడిగింది కాబట్టి రేపటి నుంచి రాస్తాను.

207వ వంట

విశేషాలు.

మేము దీన్ని వంట అంటాం, తినేది కాకపోయినా. సముద్రంలో తాళ్లకు పెంచిన ఎర్రపాచిని కోసి, వాన నీళ్లలో కడిగి, ఎండలో వేస్తే ఎరుపు పోయి తెల్లబడుతుంది. సోడా నీళ్లలో నానబెట్టాలి. మళ్లీ కడగాలి. సోడా వాసన ఇంకా మిగిలితే గుప్పెడు చింతపండు పిసికి ఆ పులుసు పోస్తాను. అప్పుడు గడ్డ చక్కగా వస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చేతికి తెలిసింది. తరువాత ఎండను ఒకచోటికి చేర్చే అద్దాల పొయ్యి మీద పెట్టి రెండు గంటలు ఉడికించి, పాత నేత చీరలో వడకట్టి, ట్రేలలో పోస్తే చల్లారేసరికి గడ్డ కడుతుంది. ఈ గడ్డే అగర్. కోసి మంచుపెట్టెలో పెట్టి, తీసి, నీరు కారనిచ్చి ఎండబెడితే పట్టీలు. పట్టీలు దంచితే పొడి. పొడి కుసుమకు ఇస్తాను.

చీరలో వడకట్టేటప్పుడు రెండో కొస నా భార్య కాసులమ్మ పట్టుకుంటుంది. నేను ఎడమకు తిప్పితే తను కుడికి తిప్పుతుంది. ఆ పని చేసేటప్పుడు తను మాట్లాడుతుంది, నేను వింటాను.

మొదటి ముక్క గంగమ్మకు. మునిగిపోయిన మా ఊరు మా తెప్పల కింద నాలుగు బారల లోతున ఉంది. ఊరి కరెంటు స్తంభం ఒకటి మాత్రం కొస నీళ్లపైన కనబడుతుంది. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి గంగమ్మ గుంజ అంటున్నాం. ఆ గుంజ చుట్టూ చెక్క బల్ల ఉంది. దాని మీద మడ ఆకు వేసి ముక్క పెడతాం. మూడో నాటికి బూజు పడుతుంది. అప్పుడు నీళ్లలో వదిలేస్తాం.

డేగిసా అడుగున చుక్క చుక్కగా కారుతోంది. అద్దాల మీద పడి చుయ్యిమంటోంది.

208వ వంట

సత్తు డేగిసా అయిపోయింది. వంట దించుతుంటే అడుగు ఊడి వచ్చేసింది. సగం నేల పాలు. మిగిలిన సగం గడ్డ కట్టింది.

ఒడ్డు ఆఫీసుకు కబురు పెట్టాను. కొత్తది రావడానికి నెల పడుతుందట. వంట నెల ఆగితే కుసుమ పళ్లేలు ఖాళీ. పళ్లేలు ఖాళీ అయితే ఏమవుతుందో ఇక్కడ రాయాలి కదా. చిన్నప్పుడు మాకు జ్వరం వస్తే మాత్ర ఇచ్చేవారు. ఇప్పుడు ఆ మాత్రలు ఏ రోగానికీ పనిచేయవు. పుండు చీము పట్టిందంటే కుసుమ దాని తడిని దూదితో తీసి మా అగర్ పోసిన గాజు పళ్లెం మీద రాస్తుంది. ఒక రోజుకు క్రిములు మబ్బులా మొలుస్తాయి. ఆ అమ్మాయి దగ్గర నలభై సీసాలున్నాయి. వాటిలో ఉండేవి క్రిముల్ని తినే పురుగులు. కంటికి ఆనవు. ఒక్కో సీసాలోది ఒక్కో రకం క్రిమినే తింటుంది. తలా ఒక చుక్క వేస్తుంది. ఏ చుక్క కింద మబ్బు విడిపోయి రంధ్రం పడితే ఆ సీసా మందు. అన్నీ కలిపి ఎక్కిస్తే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. పళ్లెం లేకుండా మందు లేదు.

నేను తల పట్టుకుని కూర్చుంటే కాసులమ్మ లోపలికి వెళ్లి తన రాగి కాగు చంకనెత్తుకుని వచ్చింది.

"ఇదిగో. నీలు కాసుకునే కాగు. దీన్లో ఎట్టు."

"వద్దే. మసి పట్టుద్ది."

"పడితే తోముతాను. నువ్వు తోముతావేటి? ఎట్టు మావా, ముసలోడివైపోయి సిన్నపిల్లడిలా ముకం ముడుసుకుంటావేటి."

ఆ కాగు సంగతి రాయాలి. ఊరు మునిగిన తుఫాను నాడు పడవ తిరగబడితే, పదహారేళ్ల కాసులమ్మ వాళ్లమ్మ కాగును బోర్లించి పట్టుకుని గంటసేపు తేలింది. నా పడవ దగ్గరకు వెళితే ముందు కాగు అందించింది. తరువాత చెయ్యి.

209వ వంట

రాగి కాగులో మొదటి వంట. బాగా కుదిరింది. గడ్డ గట్టిగా, తేటగా వచ్చింది. వేలితో నొక్కితే తిరిగి లేచింది.

కాసులమ్మ చింతపండుతో, ఉప్పుతో కాగు తోమి, ఎండలో బోర్లించి, పక్క తెప్పలవాళ్లందరినీ పిలిచి చూపించింది.

"మా అమ్మ కాగు. సూడండి, సూరీడు పుట్టినట్టు లేదూ?"

కాసులమ్మ తమ్ముడు గవరయ్య వాడ పెద్ద. అతను కాగు మీద చెయ్యి వేసి నిమిరాడు. తరువాత ఎప్పటిలాగే గొంతు పెంచాడు. "బావా, నలబై ఆరేల్లకి మా కట్నం పనికొచ్చినాదిరా!"

మొదటి ముక్క గుంజ దగ్గర పెట్టాను.

210వ వంట

గుంజ దగ్గర ముక్కకు నాలుగో రోజు. బూజు లేదు. నిన్న పెట్టినట్టే ఉంది. నీళ్లలో వదలబోతే గవరయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు బావా. ఇన్ని వంటల్లోనూ మూడోనాటికి బూజే. ఇదేటి ఇలగ మెరుత్తంది? అమ్మ మెచ్చినాది. వదలకు, ఉండనీ."

పక్కనున్న ఆడవాళ్లు చేతులు జోడించారు. నేనూ జోడించాను.

కుసుమ వచ్చి చెప్పింది, ఈ వారం వచ్చిన నాలుగు దెబ్బల్లో మూడు శుభ్రంగా ఉన్నాయట. పళ్లెం మీద ఒక్క చుక్క కూడా మొలవలేదట. "మీ అగర్ ఎంత తేటగా ఉందో తాతా, అద్దంలా ఉంది" అంది.

నాకు సంతోషం వేసింది. ఇది రాయవచ్చో లేదో. రాశాను.

211వ వంట

గట్టి ఎండ. ఉడికింది. గడ్డ కట్టింది. బూజు లేదు.

కాసులమ్మ పాచి కడుగుతూ పాడింది. ఎందుకు పాడుతున్నావని అడగలేదు. అడిగితే ఆపేస్తుంది.

212వ వంట

కుసుమ ఒడ్డు ఆఫీసుకు లెక్క పంపితే వాళ్లు పచ్చజెండా పంపించారు. రోగం తగ్గిన వాడ అని. గవరయ్య దాన్ని గుంజకే కట్టాడు. గుంజ దగ్గర నాలుగు ముక్కలు వరసగా, నాలుగు గాజు బిళ్లల్లా ఉన్నాయి. పిల్లలు ముట్టుకుని కళ్లకు అద్దుకుంటున్నారు.

గవరయ్య నన్ను రెండు మాటలు మాట్లాడమన్నాడు. అందరూ నావైపు చూశారు. నేను "బాగుంది" అన్నాను.

"అదొక్క మాటే. రెండోది?" అన్నాడు.

"సాన" అన్నాను. అందరూ నవ్వారు. కాసులమ్మ మరీ నవ్వింది.

కుసుమ మాత్రం జెండా వంక చూస్తూ "ఇంత తొందరగా ఎలా తగ్గింది తాతా" అంది. గంగమ్మ దయ అన్నాను. ఆ అమ్మాయి తల ఊపింది. కొండల పిల్ల కదా, మాకు తెలిసింది తనకు తెలియదనుకుంది. మేము కూడా అలాగే అనుకున్నాం.

213వ వంట

కాసులమ్మకు పాదం తెగింది. పాచి తాళ్లు విప్పుతుంటే తాడుకు అంటుకున్న ఆల్చిప్ప అరికాలిలో దిగింది. నేను ముల్లు తీసే సూదితో తీశాను. వేలు పొడవు గాటు.

"ఏటీ అవనేదు. నువ్వు పోయి పొయ్యి సూసుకో, పొంగుతాది" అంది.

కుసుమ దగ్గరకు తీసుకెళ్లాను. పళ్లెం వేసింది.

వంట పొంగింది. కొంత పోయింది. ఎప్పుడూ పొంగదు. నేను చూడలేదు.

పళ్లెం మర్నాడు చూశాం. శుభ్రం.

214వ వంట

పాదం వాచింది. చెప్పు పట్టడం లేదు. కుసుమ ఇంకోసారి పళ్లెం వేసింది. మళ్లీ శుభ్రం.

"లోపల పెంకు ముక్క మిగిలిందేమో అమ్మమ్మా" అని గాటు విప్పి చూసింది. ఏమీ లేదు.

"క్రిమి కనిపిస్తే ఏ సీసానో తెలుస్తుంది తాతా. కనిపించకపోతే నేనేం ఇవ్వను?"

చీర రెండో కొస ఈరోజు కొక్కేనికి కట్టాను. కొక్కెం తిప్పదు. వడకట్టడానికి రెండింతల సేపు పట్టింది.

ఇంటికి వెళ్లేసరికి తను గోడకు ఆనుకుని కూర్చుంది. కాలు దిండు మీద ఉంది.

"కాగు తోమినావా?"

"లేదు."

"తోమకపోతే సిలుము పడతాది. నాను లేవనేనని అలగ ఒగ్గెయ్యకు."

215వ వంట

జ్వరం వచ్చింది. పాదం నుంచి మోకాలి దాకా ఎర్రటి గీత పాకింది. ఒడ్డు ఆసుపత్రికి తీసుకెళదామంటే అలలు ఇద్దరు మనుషుల ఎత్తున ఉన్నాయి. మూడు రోజుల దాకా పడవ వేయవద్దన్నారు. ఆసుపత్రికి వెళ్లినా వాళ్లూ పళ్లెమే అడుగుతారు. గీత తొడ దాటితే కష్టమని కుసుమ నాతో విడిగా చెప్పింది. చెబుతూ నా చెయ్యి పట్టుకుంది.

ఉడికించాను. చేతులకు వేరే పని తెలియదు. గడ్డ కట్టింది.

కాగు తోమమంది కదా అని మధ్యాహ్నం కూర్చున్నాను. ఆ కాగును నేను తోమడం ఇదే మొదలు. చింతపండు వేసి రుద్దుతుంటే చేతికి పచ్చగా అంటింది. కడిగిన నీళ్లు పల్చటి నీలి రంగులో ఉన్నాయి. లోపల పచ్చటి వలయం. పులుసు నీళ్లు ఎంతవరకు ఉడికాయో అంతవరకు.

మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఊరు నేల మీద ఉన్నప్పుడు ఏడాదికోసారి కళాయి వేసేవాడు వచ్చేవాడు. రాగి గిన్నెల లోపల తగరం పూసి వెళ్లేవాడు. ఒక ఏడు రాలేదు. లోపలి పూత అరిగిపోయిన గిన్నెలో మా పిన్ని చేపల పులుసు పెట్టింది. ఇంటిల్లిపాదీ వాంతులు. ఆ తరువాత మా అమ్మ పూత లేని రాగిని నీళ్లకు తప్ప దేనికీ పొయ్యెక్కించనివ్వలేదు. ఇది మా ఆడవాళ్లందరికీ తెలుసు. కాసులమ్మకూ తెలుసు. నాకూ తెలుసు. కానీ అగర్ తినేది కాదు కదా. ఎవరికీ తట్టలేదు.

కాగు అక్కడే వదిలి గుంజ దగ్గరకు వెళ్లాను. ఆరు ముక్కలు. మొదటి దానికి పదమూడు రోజులు. ఈగ వాలలేదు, మచ్చ పడలేదు, బూజు లేదు. చుట్టూ బొట్లు, పూలు. పూలు మాత్రం కుళ్లి ఉన్నాయి.

బూజు కూడా క్రిమిలాంటిదే. కుసుమ ఒకసారి చెప్పింది.

అమ్మ మెచ్చలేదు. మా ముక్కలో విషం ఉంది. క్రిమి మొలవనివ్వడం లేదు. పుండులో క్రిమి ఉంటుంది, పళ్లెం మీదికి రాగానే చచ్చిపోతుంది. పళ్లెం శుభ్రం అంటుంది.

వంటశాలలో ఈ పుస్తకం తీసుకుని కుసుమ గదికి పరుగెత్తాను. పరుగెత్తి ఎన్నేళ్లయిందో. లోపలికి వెళ్లి నిలబడ్డాను.

"ఏమైంది తాతా? అమ్మమ్మకు ఏమైనా..."

ఈ పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను. 207 దగ్గర చింతపండు అన్న చోట వేలు పెట్టాను. 209 దగ్గర రాగి కాగు అన్న చోట పెట్టాను. 210, 211, బూజు లేదు. ఆ పిల్ల చదివింది. మళ్లీ చదివింది. పుస్తకం మూసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"కొత్త వంట వచ్చినప్పుడల్లా తెలిసిన క్రిమిని ఒకదాన్ని వేసి, మొలుస్తుందో లేదో చూడాలి. నాకు నేర్పిన మొదటి పాఠం. మీ వంట కదా, చూడటమేమిటి అనుకున్నాను."

"నా తప్పమ్మా."

"కాదు, నాదే."

"పాత పట్టీలున్నాయి" అన్నాను.

వంటకొక పట్టీ దారం కట్టి పెట్టెలో దాచాలని నియమం. మంచి నియమం. 208 వరకు సత్తు డేగిసావి. చాలావరకు చెమ్మ తగిలి పాడయ్యాయి. బాగున్నవి దంచితే ఆరు పళ్లేలకు వచ్చింది.

ఒక పళ్లెం పాత వంటది, ఒకటి రాగి వంటది. రెండింటి మీదా కాసులమ్మ పుండు తడి రాసింది. పాతదాని మీద నలభై సీసాల చుక్కలూ వరసగా వేసింది. ఒక రోజు ఆగాలి.

216

వంట లేదు. పళ్లేలు తెరవడానికి ఇంకా పూట ఉంది.

పొద్దున్నే గుంజ దగ్గరకు వాడనంతా పిలవమని గవరయ్యకు చెప్పాను. నేనే పిలవమన్నానని అతను నమ్మలేదు. "బావా, నువ్వా? జనాన్నా?" అన్నాడు.

అందరూ వచ్చారు. గుంజను పట్టుకుని నిలబడ్డాను.

"ఈ ముక్కలు అమ్మ మెచ్చి మెరవనేదు. రాగి దిగినాది. పులుసు పోసి ఉడకబెట్టినాను. క్రిమి సచ్చిపోతంది. అందుకే పల్లేలు సుబ్బరంగా కనపడినాయి. ఈ రెండు వారాల్లో బాగున్నారని ఇంటికి అంపినోలు తొమ్మిది మంది. ఎవలికైనా నొప్పున్నా, వాపున్నా కుసుమమ్మ కాడికి రండి. దాయకండి."

పైన జెండా చప్పుడు వినబడింది.

గవరయ్య ముఖం ఎర్రబడింది. "ఏటి బావా, మా అమ్మ కాగు ఇసమా? అప్ప పేనం నిలబెట్టిన కాగు! దాని మీదేనా నింద?"

"కాగుది తప్పు కాదు. పులుసు పోసింది నాను."

"అలగైతే అమ్మ సూపిన గురుతు?"

"అమ్మ సూపినాది. మనమే తిరగేసి సదివినాం."

ఈ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. గవరయ్య గుంజ ఎక్కి పచ్చజెండా విప్పి, మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. అతని వెనకే ఒక ముసలాయన కుంటుకుంటూ కుసుమ గదివైపు నడిచాడు. ఆయన వెనక ఒక బాలింత. వాపు దాచుకున్నవాళ్లు మొత్తం ఇద్దరు. జెండా పోతుందేమోనని చెప్పలేదట.

ఇంటికి వెళ్లాను. మా ఇల్లు గుంజకు మూడో తెప్ప. కాసులమ్మ అంతా విన్నది. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు మూసుకునే ఉంది. నేను పక్కన కూర్చున్నాను. కాగు సంగతి తనకు ముందుగా చెప్పి ఉండాల్సింది. వాడలో అందరికీ చెప్పడం సులువైంది. తనకు చెప్పడం కాలేదు.

"మావా."

"ఊఁ."

"నలబై ఆరేల్ల కాపురంలో నువ్విన్ని మాటలాడ్డం నానిన్లేదు. నాకు జొరమొత్తే గానీ నీకు నోరు రాదేటి?"

నేను తడిగుడ్డ మార్చాను.

"కాగు..." అన్నాను.

"కాగు కాగే. నన్నొకపాలి బతికించినాది. పతీసారీ అదే బతికించాలంటే అదేటి సేత్తాది, ముసల్ది? ఈపాలి నువ్వు బతికించు."

కాసేపటికి మళ్లీ కళ్లు తెరిచింది. "తోమినావా మరి?"

"తోమినాను."

"లోపలా?"

"లోపలా."

సాయంత్రం కుసుమ పళ్లేలు తెచ్చింది. తెప్పలు దాటుతూ కళ్లు మూసుకోలేదు. రాగి పళ్లెం తేటగా ఉంది, ఏమీ లేదు. పాత పళ్లెం నిండా మబ్బు. పాలు విరిగినట్టు. అంత క్రిమి ఆ కాలిలో ఉంది. ఆ మబ్బు మధ్యలో ఒక్కచోట మాత్రం గుండ్రంగా రంధ్రం.

"పదిహేడో సీసా" అంది కుసుమ. ఏడుస్తూ నవ్వింది.

అప్పుడే సూది వేసింది.

217కు ముందు

వంట లేదు, డేగిసా లేదు. అయినా రాస్తున్నాను. పుస్తకం అలవాటయింది.

గీత మొదటి రోజు ఆగింది. రెండో రోజు మోకాలి కిందికి దిగింది. జ్వరం తగ్గగానే కాసులమ్మ చేపల పులుసు అడిగింది. "మట్టి సట్టిలో ఎట్టమను" అని కుసుమతో అంది. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు.

మిగిలిన అయిదు పాత పళ్లేల్లో రెండు ముసలాయనకూ బాలింతకూ సరిపోయాయి. వాళ్లకూ మందు తెలిసింది. అలలు తగ్గాక గవరయ్య తనే పడవ వేసుకుని ఒడ్డుకు వెళ్లాడు. జెండా వాళ్ల బల్ల మీద పెట్టి, అబద్ధపు జెండా మాకొద్దు, మంచి డేగిసా ఇవ్వండి అన్నాడట. నెల పట్టేది నాలుగు రోజుల్లో వచ్చింది. స్టీలుది. నాతో మాట్లాడకుండా తెచ్చి వంటశాలలో దించాడు. వెళుతూ వెళుతూ "అడుగు మందంగానే ఉన్నాది బావా" అన్నాడు. అది చాలు.

గుంజ దగ్గరి ఆరు ముక్కలూ తీసి నీళ్లలో వేయలేదు. చేపలున్నాయి. కుసుమ సీసాలో పెట్టి, పై చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసింది: అందంగా ఉన్నా నమ్మవద్దు.

217వ వంట

ఎర్రపాచి అయిదు బుట్టలు. స్టీలు డేగిసా. చింతపండు గుప్పెడే. కాసులమ్మ పీట మీద కూర్చుని చీర రెండో కొస పట్టుకుంది. నేను ఎడమకు, తను కుడికి.

మొదటి ముక్క గుంజ దగ్గర పెట్టాం. కుసుమ అన్నది, ఈ ముక్క బూజు పట్టేదాకా ఈ వంట పొడి ముట్టుకోనని. వాడ మొత్తం ఒప్పుకుంది. ఇక ప్రతి వంటకూ ఇంతే.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు ఏమీ లేదు. రెండో రోజు నాకు అన్నం సహించలేదు. స్టీలు కూడా ఏమైనా చేస్తుందా అని కుసుమను మూడుసార్లు అడిగాను.

ఈరోజు మూడోది. పొద్దున్నే కాసులమ్మ తనూ వస్తానంది. వద్దంటే వినదు. కర్ర పట్టుకుని, ఒక చంకలో రాగి కాగు పెట్టుకుని బయలుదేరింది.

"అదెందుకే?"

"గుంజ కాడ ఎడతాను. వాన నీలు పోసి ఉంచితే పనోలు తాగుతారు. క్రిమిని సంపుద్ది కదా, సంపనీ. అక్కడ సంపితే మంచిదే కదేటి? కుసుమమ్మనడిగినాను, పులుపు తగలకుండా ఉంచమన్నాది."

కళాయి లేని రాగిని నీళ్లకు తప్ప వాడకూడదు అనే మా అమ్మ మాట తన నోట విన్నట్టయింది.

మూడో తెప్ప దగ్గర సందు వెడల్పు ఎక్కువ. నేను ముందు దాటి చెయ్యి చాపాను. తను నా చెయ్యి వంక చూసి, చంకలోది తీసింది. ముందు కాగు అందించింది. తరువాత చెయ్యి.

గుంజ దగ్గర అప్పటికే గవరయ్య వంగి చూస్తున్నాడు. కుసుమ అద్దం పెట్టి చూస్తోంది. ముక్క అంచున చిటికెన వేలి గోరంత, తెల్లగా, నూగులా, మధ్యలో కొంచెం పచ్చగా ఉంది.

"ఏటి బావా," అన్నాడు గవరయ్య, తల ఎత్తకుండానే, "అమ్మ తిన్నాదా?"

"తిన్నాది" అన్నాను.

కాసులమ్మ చేతులు జోడించింది. అందరూ జోడించారు.

ఉడికింది. గడ్డ కట్టింది. బూజు పట్టింది.